మనం తినని బియ్యం

ఏప్రిల్ చివర్లో కొవ్వూరు నుంచి నిడదవోలు వైపు వెళ్లే రోడ్డు సగం బండ్లది, సగం ధాన్యానిది. పరదాలు పరిచి దాళ్వా ధాన్యం ఆరబోస్తారు. కాసేపటికోసారి ఎవరో ఒకరు అందులో కాళ్లు ఈడుస్తూ నడిచి చాళ్లు తీసి పోతుంటారు. గుప్పెడు తీసి అరచేతిలో నలిపితే పొట్టు ఊడి బియ్యపు గింజ నిండుగానే బయటపడుతుంది. దాన్ని ఎండకు ఎదురుగా పట్టుకుని కళ్లు చికిలించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గింజకు అడ్డంగా వెంట్రుకంత సన్నటి గీతలుంటాయి, ఒకటో రెండో, కొన్నిటికి మూడు. మిల్లులో పడ్డాక గింజ సరిగ్గా ఆ గీతల దగ్గరే విరుగుతుంది.

చలికాలంలో కోతకొచ్చే సార్వా ధాన్యంతో ఈ గోల తక్కువ. ఎండలు మండే రోజుల్లో చేతికొచ్చే దాళ్వాను పచ్చి బియ్యంగా ఆడిస్తే మాత్రం నూక పోటెత్తుతుంది, ఒక్కోసారి సగం దాకా. ప్రభుత్వం కొనే పచ్చి బియ్యంలో నూక 25 శాతం దాటకూడదన్నది ఏళ్ల తరబడి నడిచిన కొలత. ఆ కొలతకూ దాళ్వా గింజకూ పొసగదు. దీనికి మిల్లరు చేసే వైద్యం ఒక్కటే. ధాన్యాన్ని పొట్టుతోనే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, అప్పుడు ఆడిస్తాడు. అదే ఉప్పుడు బియ్యం. గోదావరి జిల్లాల మిల్లులు దాన్ని లారీలకు లారీలు, ఓడలకు ఓడలు తయారుచేసి పంపుతాయి. ఆ జిల్లాల ఇళ్లలో మాత్రం ఇడ్లీ రవ్వగా తప్ప అది పొయ్యెక్కదు. తన కంచంలో పెట్టుకోని బియ్యాన్ని ఒక ప్రాంతం ఇంత నేర్పుగా చేయడం ఎలా నేర్చుకుంది? ఆ కథలో ఒక జబ్బు ఉంది, కొన్ని కోళ్లు ఉన్నాయి, ఎవరూ భరించలేని ఒక కంపు ఉంది.

మొదట నీళ్లు వచ్చాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కొవ్వూరుకు దిగువన విజ్జేశ్వరం దగ్గర తలుపులు ఎత్తితే పశ్చిమ డెల్టాకు నీరు పారింది. ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ డెల్టా కాలువలను పొలం తడపడానికి మాత్రమే తవ్వించలేదు. పడవలు నడవాలని లాకులు కట్టించాడు. పండిన ధాన్యం కదలకపోతే పండించి ఏం లాభమన్నది ఆయన వాదన. ఈ దేశానికి రైలుకంటే నీటిదారే చవకని లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూడా చెప్పుకున్న మనిషి ఆయన. విచిత్రం చూడండి, 1899 జులైలో ఆయన కన్నుమూశాడు, మరుసటేడు ఆగస్టులో కొవ్వూరుకూ రాజమండ్రికీ మధ్య హేవ్‌లాక్ వంతెన మీద రైలు నడిచింది. వారణాసి దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన గ్రాన్‌విల్ వాల్టన్ పర్యవేక్షణలో, 1897 నవంబరులో మొదలుపెట్టి మూడేళ్లలోపే ముగించారు. మొత్తం 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. అప్పటిదాకా మద్రాసు వైపు రైలూ కలకత్తా వైపు రైలూ చెరో గట్టున ఆగిపోయేవి. ఇక గోదావరి అడ్డు తొలిగింది.

పంట పెరిగింది, దారి దొరికింది, వెనకే మర వచ్చింది. దంపుడు బియ్యం మీద మోజు తగ్గింది. తవుడంతా పోయేలా తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం మొదట కలిగినింటి అన్నమైంది, తర్వాత అందరి అన్నమూ అయింది.

వరి ఇంతగా పండే ఈ తీరంలోనే ఒక జబ్బు కాపురముండేది. కాళ్లు తిమ్మిరెక్కి బరువైపోతాయి, పిక్కలు పట్టుకుంటే నొప్పి, కొందరికి ఒళ్లంతా నీరు పట్టి చివరికి గుండె ఆగిపోతుంది. పేరు బెరిబెరి. ఉత్తర సర్కారుల్లో సిపాయిలను ఇది పీడిస్తోందని మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లోనే ఒక పుస్తకం రాశాడు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. గాలి, తేమ, నేల, నీరు, ఇలా అందరూ అన్నిటినీ అనుమానించారు. కంచంలో ఉన్న అన్నాన్ని మాత్రం దాదాపు ఎవరూ అనుమానించలేదు.

ముడి విడిపోవడం సముద్రానికి అవతల, జావాలో మొదలైంది. అక్కడి సైన్యంలో, జైళ్లలో బెరిబెరి విజృంభిస్తుంటే డచ్ ప్రభుత్వం 1886లో ఒక వైద్య బృందాన్ని పంపింది. క్రిమి సిద్ధాంతానికి అప్పుడు మంచి ఊపు. బృందం కూడా క్రిమి కోసమే వెతికింది. మిగతావాళ్లు తిరిగి వెళ్లిపోయినా క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే యువ వైద్యుడు బటేవియాలోని చిన్న ప్రయోగశాలలో ఉండిపోయాడు. రోగుల నెత్తురు కోళ్లకు ఎక్కించి చూశాడు. 1889లో కోళ్లు నిజంగానే జబ్బుపడ్డాయి. కాళ్లు తడబడి, తూలి, పడిపోయాయి. చిక్కేమిటంటే సూది వేయని కోళ్లు కూడా పడిపోయాయి. అంటుకుందేమోనని విడిగా పెట్టాడు, లాభం లేదు. అలా నెలలు గడిచాక, మందూ మాకూ లేకుండా అన్నీ ఒక్కసారిగా లేచి తిరగడం మొదలుపెట్టాయి.

ఏ శాస్త్రవేత్తకైనా మతిపోయే ఘట్టం ఇది. చాలామంది అయితే ప్రయోగం చెడిందని కోళ్లను వదిలేసేవారు. ఐక్‌మన్ ఆరా తీశాడు. కోళ్లను చూసుకునే మనిషి దాణా ఖర్చు మిగుల్చుకుందామని సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లటి అన్నం తెచ్చి వేసేవాడట. వంటవాడు మారాడు. సైన్యం అన్నం సైన్యానికి చెందని కోళ్లకు ఎలా పెడతామని కొత్తవాడు పట్టుబట్టాడు. దాంతో కోళ్లు మళ్లీ ముడి గింజలకు వచ్చి బతికాయి. ఒక వంటవాడి మొండితనం లేకపోతే ఈ కథ ఎన్నేళ్లు ఆగేదో! ఆ మాటను పట్టుకుని వోర్డర్‌మన్ అనే మరో వైద్యుడు జావాలోని వందకు పైగా జైళ్లలో ఎక్కడ ఏ బియ్యం పెడుతున్నారో, ఎక్కడ బెరిబెరి ఉందో లెక్క తీశాడు. తవుడు మిగిలిన బియ్యం పెట్టే జైళ్లలో జబ్బు దాదాపు లేదు. పాలిష్ బియ్యం పెట్టే చోట ఉంది. అయినా ఐక్‌మన్ సగం దూరమే వచ్చాడు. తెల్లబియ్యంలో ఏదో విషం ఉందని, తవుడు దానికి విరుగుడని అనుకున్నాడు. విషం లేదు, ఉండాల్సినదేదో లేకపోవడమే జబ్బని ఆయన తర్వాత వచ్చిన గెరిట్ గ్రైన్స్ 1901లో తేల్చాడు.

ఉప్పుడు బియ్యం ఇక్కడే కథలోకి అడుగుపెడుతుంది. బ్రిటిష్ మలయాలో తగరపు గనుల్లో పనిచేసే చైనా కూలీలు బెరిబెరితో రాలిపోతుంటే, అదే ఎండలో అదే బురదలో పనిచేసే దక్షిణ భారత కూలీలకు అది సోకేది కాదు. నెగెరి సెంబిలాన్ ప్రభుత్వ వైద్యుడు లెనార్డ్ బ్రాడన్ ఇద్దరి అన్నమూ చూశాడు. చైనావాళ్లది సయాం తెల్లబియ్యం. మనవాళ్లది, ముఖ్యంగా తమిళులది, ఉడకబెట్టి ఆడిన బియ్యం. చెబితే తోటి వైద్యులు నవ్వారు. 1905లో కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో ఫ్లెచర్ అనే వైద్యుడు, బ్రాడన్ మాట తప్పని నిరూపిద్దామనే, రోగులను సరి బేసి అంకెలుగా విడదీశాడు. ఒక సగానికి సయాం బియ్యం, ఒక సగానికి ఉప్పుడు బియ్యం. జబ్బు సయాం బియ్యం వైపే వచ్చింది. అప్పటికీ నమ్మని వాళ్ల కోసం ఫ్రేజర్, స్టాంటన్ అనే ఇద్దరు అడవిలో రోడ్డు వేస్తున్న 300 మంది జావా కూలీలను రెండు జట్లు చేశారు. తెల్లబియ్యం జట్టులో బెరిబెరి కనిపించగానే బియ్యం మార్చారు, జబ్బు ఆగింది. రెండో జట్టుకు తెల్లబియ్యం ఇచ్చారు, వాళ్లలో మొదలైంది. రుజువు తిరుగులేనిది. ఖైదీలు, మతిస్థిమితం లేనివాళ్లు, కూలీలు, అంటే కాదనలేని మనుషుల ఒంటి మీదే ఈ రుజువులన్నీ జరిగాయన్నది కూడా అంతే నిజం.

లోపల జరిగేది ఇది. బి1 విటమిన్ ఉండేది తవుడులో, మొలక భాగంలో. నీళ్లలో కరిగే గుణం దానిది. పొట్టుతో నానబెట్టినప్పుడు ఆ నీటితోపాటు గింజ లోపలికి దిగుతుంది. ఆవిరి తగలగానే లోపలి పిండి ఉడికి జిగురై దాన్ని పట్టుకుని ఉండిపోతుంది. ఆ తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. ఏ తమిళ ఇల్లాలో, బెంగాలీ ఇల్లాలో శతాబ్దాల కిందట గంగాళంలో ధాన్యం ఉడకబెట్టింది ఈ విటమిన్ కోసం కాదు. రోకటి పోటుకు గింజ విరగకుండా, పురుగు పట్టకుండా ఉంటుందని.

మరి మన తీరం మాటేమిటి? నీలగిరుల్లో కూనూరు ప్రయోగశాలలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఆ ఆరా తీసే పని పెట్టుకున్నాడు. ఆయనా, తోటి పరిశోధకుడు నోరిస్ కలిసి బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధం మీద 1924లో వెలువరించిన నివేదికకు కేంద్రం ఉత్తర సర్కారులే. ఉప్పుడు బియ్యం తినే తమిళ దేశం, మలబారు, బెంగాలు మధ్యలో పచ్చి బియ్యం తినే ఈ ఇరుకు తీరపట్టీలోనే జబ్బు తిష్ఠవేసింది. మెక్‌కారిసన్ తర్వాత వచ్చిన ఆయ్‌క్రాయిడ్ కూడా ఇదే చెప్పాడు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇంత తెలిశాక గోదావరి జనం ఉప్పుడు బియ్యానికి మారారా? లేదు. వాసన పడలేదు, రంగు నచ్చలేదు. అన్నం ముద్దకు కలవదన్నారు. బెరిబెరి క్రమంగా కనుమరుగైంది గానీ ఉప్పుడు బియ్యం డెల్టా కంచాల్లోకి రాలేదు. నాలుకను శాస్త్రం ఒప్పించలేదని నాకు దీనికంటే పెద్ద ఉదాహరణ తెలియదు.

అయితే ఆ వాసన మీద ఫిర్యాదు ఒట్టి సాకేం కాదు. పాత పద్ధతిలో ధాన్యాన్ని సిమెంటు తొట్లలో చన్నీళ్లు పోసి రెండు మూడు రోజులు ఉంచేవారు. గింజ మెల్లగా నీరు తాగుతుంది. ఈలోపు తొట్టి పులుస్తుంది, బుడగలు లేస్తాయి. ఆ కంపు మిల్లు దాటి పేటంతా పాకుతుంది, బియ్యంలోనూ అన్నంలోనూ మిగులుతుంది. నీళ్లు వేడిచేస్తే త్వరగా నానుతుందని తెలియక కాదు. మరీ మరిగిస్తే పైపొర ఉడికిపోయి పొట్టు పగులుతుంది, లోపలేమో పచ్చిగానే ఉంటుంది. ఇంగ్లండులో ఎరిక్ హుజెన్‌లాబ్ అనే రసాయన శాస్త్రవేత్త ధాన్యంలోని గాలిని ముందు లాగేసి, ఒత్తిడితో వేడినీరు ఎక్కించి, ఆవిరి పట్టే యంత్రపద్ధతి కనిపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హ్యూస్టన్‌లో ఆ పద్ధతితో చేసిన బియ్యాన్ని అమెరికా సైన్యం కొంది. కానీ ఆ యంత్రాల ఖరీదు మన చిన్న మిల్లులకు అందేది కాదు.

అందే దారి మైసూరులో దొరికింది. 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో దేశికాచార్, ఆయన తోటివారు ఉష్ణోగ్రతలు ఒక్కో మెట్టూ మారుస్తూ వెళ్లి మధ్యదారి పట్టారు. నీరు 70 డిగ్రీలకు అటూ ఇటూగా, మూడు నాలుగు గంటలు. ఆ వేడిలో పిండి ఉడకదు, పొట్టు పగలదు, పులవడానికి వ్యవధి ఉండదు. తర్వాత నీళ్లు వదిలేసి, అదే తొట్టిలో చిల్లుల గొట్టాల గుండా ఆవిరి పంపితే పని అయిపోతుంది. మూడు రోజుల పని ఒక పూటలోకి వచ్చింది, కంపు పోయింది. ఆవిరికి బొగ్గు కొననక్కర్లేదు. మిల్లులో వచ్చే ఊకే బాయిలర్‌లో మండుతుంది.

ఇంకో చిక్కు మిగిలింది, దాన్ని విప్పడానికి మరో పదేళ్లు పట్టింది. ఆవిరి పట్టిన ధాన్యంలో మూడోవంతు నీరే. దాన్ని 14 శాతానికి దించాలి. ఎండలో పోసి ఒకే దెబ్బకు ఆరబెట్టిన ధాన్యం, ఉడికినప్పుడు పగుళ్లు అతుక్కున్న గింజే అయినా, మళ్లీ విరిగేది. ఎండ ఎక్కువైందా, తక్కువైందా? మైసూరులోనే కె.ఆర్. భట్టాచార్య, ఇందుధర స్వామి 1967లో ప్రచురించిన పరిశోధనలో అసలు గుట్టు బయటపడింది. పగుళ్లు ఆరుతున్నప్పుడు రావు, ఆరబెట్టడం ముగించాక వస్తాయి. అందరూ ఎండలో ఉన్న గింజనే చూస్తున్నారు, గింజ మాత్రం గోదాంలోకి వెళ్లాక పగులుతోంది. పైన ఆరి లోపల తడి ఉన్న గింజ ఆ తేడాను సర్దుకోబోయి చీలుతుందన్నమాట. తేమ 16 శాతం దగ్గరికి రాగానే ఆపి, కుప్పపోసి కొన్ని గంటలు వదిలేసి, అప్పుడు మిగతాది ఆరబెడితే విరగదు. పనంతా ఆ మధ్య విరామంలోనే ఉంది. దాళ్వా గింజ మీది గీతలకు కూడా ఈ వరస చుట్టమే. పగలు ఎండకు చివ్వున ఆరి, రాత్రి మంచుకు తడి పీల్చి, మళ్లీ తెల్లారి ఆరే గింజ చేలోనే చీలుతుంది. నానబెట్టి ఉడికిస్తే లోపలి పిండి మెత్తబడి గోడ బీటలో సున్నం కూరినట్టు ఆ చీలికలను పూడుస్తుంది.

ఇదంతా సరిగ్గా కావలసిన వేళకే వచ్చింది. 1960-61లో దేశమంతటా ఏడు జిల్లాలను సాంద్ర వ్యవసాయపు ప్యాకేజీ పథకానికి ఎంచుకుంటే అందులో పశ్చిమ గోదావరి ఒకటి. కొవ్వూరు అప్పుడు ఆ జిల్లాలోదే. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 వేసి ఆ వంగడం పేరే తన పేరుగా మోశారు. పొట్టి వరి వచ్చాక దాళ్వా విస్తరించింది. దాళ్వాతోపాటే నూక కూడా. డెల్టా మిల్లర్లు బాయిలర్లు పెట్టారు, ఉక్కు తొట్లు కట్టారు, మబ్బు పట్టినా ఆగకుండా వేడిగాలి డ్రయ్యర్లు తెచ్చారు. ఇనప హల్లర్ల చోట రబ్బరు రోలర్లు వచ్చాయి. మార్టేరు పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎంటీయూ 3626, రైతు నోట బొండాలు, కేరళ మార్కెట్ కోసమే అన్నట్టు సాగైంది. లావు గింజ, ఉప్పుడుకు తగినది. మలయాళీ కంచానికి గోదావరి గింజ అలా కుదిరింది. కొవ్వూరు దగ్గర 1974లో రైలూ రోడ్డూ కలిసిన రెండో వంతెన రావడంతో లారీల దారి కూడా తెరుచుకుంది.

సముద్రం దారి కాకినాడది. అంతకుముందు కోరంగిది. 1839 ఉప్పెన, ఏటా గోదావరి తెచ్చి పోసే ఒండ్రు కలిసి కోరంగిని మూలకు నెట్టాయి. కాకినాడ తీరమూ లోతు తక్కువే. హోప్ ఐలాండ్ చాటున లంగరేసిన ఓడల దగ్గరికి బార్జీల మీద బస్తాలు తీసుకెళ్లి ఎక్కించడం ఇప్పటికీ సాగుతోంది. 1997లో లోతు రేవు మొదలైనా బియ్యం ఎక్కువగా బార్జీల దారినే పోయింది. 2021లో ఓడలు వారాల తరబడి వరసలో నిలబడితే లోతు రేవులో కూడా బియ్యం ఎక్కించడానికి అనుమతించారు. బెనిన్, టోగో వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు ఉప్పుడు బియ్యం మీద మక్కువ. నిలవ ఉంటుంది, అన్నం పొడిపొడిగా ఒదుగుతుంది. మనవాళ్లు ముద్దకు కలవదని వదిలేసిన గుణమే అక్కడ ధర పలుకుతోంది.

ఈ వ్యాపారానికి ఒండ్రుకంటే ఢిల్లీ ఉత్తర్వులే ఎక్కువ అడ్డం. బాస్మతేతర బియ్యం ఎగుమతిని 2008లో ఆపారు, 2011లో వదిలారు. 2023 జులైలో తెల్లబియ్యాన్ని ఆపి, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2024 అక్టోబరుకు గానీ అది పూర్తిగా పోలేదు. మధ్యలో, ఉప్పుడు బియ్యం ఇక కొనేది లేదని కేంద్రం అంటే, యాసంగి ధాన్యం, అంటే అక్కడి దాళ్వా, పచ్చిగా ఆడితే నూకవుతుందని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. గింజలో వెంట్రుకంత పగులు రాజధాని దాకా వెళ్లింది.

మిల్లు గేటు లోపల ఈ చిక్కులు చాలావరకు తీరాయి. తొట్టి, బాయిలర్, డ్రయ్యర్, రంగు మారిన గింజను ఏరేసే సార్టెక్స్, అన్నీ వరసగా నడుస్తాయి. గేటు బయట సంగతి వేరు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కోత పెడతారు లేదా వెనక్కి పంపుతారు. కోత మిషను ఒక్క రోజులో ఊరి చేలన్నీ కోసేస్తుంది. అంత తడి ధాన్యం ఒకేసారి ఆరబెట్టే కళ్లం ఊళ్లో లేదు. ఎండకు పోస్తే పగుళ్లు, పోయకపోతే మొలకలు. మిల్లులో ఉన్న డ్రయ్యర్ మిల్లరు నానబెట్టుకున్న ధాన్యానికే సరిపోతుంది. రైతుకు ఇప్పటికీ దొరికేది రోడ్డు అంచు, అద్దెకు తెచ్చుకున్న పరదా.